నీలికాంతి డిస్కుల పోరు

ఉద్దేశం

నిత్యజీవితంలో వాడుకునే సాంకేతిక పరికరాల వెనుక విజ్ఞానంతోపాటు వ్యాపార వ్యూహాలు, ఒప్పందాలు, పోటీలు కూడా ఉంటాయి. ఇంటిలో సినిమా చూడడానికి ఉపకరించిన డిస్కుల చరిత్ర ఆధారంగా ఒక సాంకేతిక ప్రమాణం ఎందుకు నిలుస్తుందో, మరొకటి ఎందుకు తొలగిపోతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రమాణం – ప్రయోజనం

రైలు పట్టాల మధ్య ఉండే దూరాన్ని గేజి అంటారు. భారతదేశంలో బ్రాడ్ గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. మీటర్ గేజి వెడల్పు 1,000 మిల్లీమీటర్లు. ఈ రెండూ కలిసే గుంతకల్లు, సికింద్రాబాదు వంటి కూడళ్ళలో ఒకప్పుడు ప్రయాణికులు ఒక బండి దిగి, సామాను మోసుకొని, మరొక బండి ఎక్కవలసి వచ్చేది. రెండు బండ్లూ మంచివే. రెండు దారులూ దృఢమైనవే. అయినా అవి ఒకదానితో ఒకటి పొసగకపోవడంవల్ల కలిగే శ్రమ అంతా ప్రయాణికునిదే. ఈ ఇబ్బందిని తొలగించడానికే భారతీయ రైల్వే 1992లో మీటర్ గేజి మార్గాలను బ్రాడ్ గేజిగా మార్చే పథకాన్ని చేపట్టింది.

పలువురు ఉత్పత్తిదారులు ఒకే కొలతను, ఒకే పద్ధతిని అంగీకరించి పాటించినప్పుడు అది ప్రమాణం అవుతుంది. ఇంటిలో సినిమా చూసే పరికరాల విషయంలో ఇటువంటి ప్రమాణాన్ని ఫార్మాటు అని వ్యవహరిస్తారు. ఒక ఫార్మాటులో ముద్రించిన డిస్కు వేరొక ఫార్మాటుకు చెందిన ప్లేయరులో పనిచేయదు. కాబట్టి ఒకే కాలంలో రెండు ఫార్మాట్లు విపణిలోకి వస్తే కొనుగోలుదారుడు సందిగ్ధంలో పడతాడు. తాను ఎంచుకున్నది నిలబడితే సరే. నిలబడకపోతే ప్లేయరు మీద పెట్టిన సొమ్ము, డిస్కుల మీద పెట్టిన సొమ్ము రెండూ వృథా అవుతాయి. ఎద్దులు రెండూ కుమ్ములాడుకుంటే మధ్యన లేగల కాళ్ళు విరుగుతాయన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. 2006 నుండి 2008 వరకు బ్లూ-రే, హెచ్.డి. డి.వి.డి. అనే రెండు ఫార్మాట్ల మధ్య సాగిన పోరు ఇందుకు చక్కని ఉదాహరణ.

క్యాసెట్ల కాలం

ఈ పోరు స్వరూపం తెలియాలంటే అంతకు మూడు దశాబ్దాల ముందు జరిగిన మరొక పోటీని తెలుసుకోవడం అవసరం. జపాన్‌కు చెందిన సోనీ సంస్థ 1975లో బీటామాక్స్ అనే వీడియో క్యాసెట్టు పద్ధతిని ప్రవేశపెట్టింది. మరుసటి సంవత్సరం, అంటే 1976లో, అదే దేశానికి చెందిన జె.వి.సి. సంస్థ వి.హెచ్.ఎస్. పద్ధతిని తెచ్చింది. బీటామాక్స్ క్యాసెట్టు పరిమాణంలో చిన్నది. దాని చిత్రం కొంత మెరుగుగా ఉంటుందని పేరు. కాని తొలినాళ్ళలో అందులో ఒక గంటసేపు మాత్రమే ముద్రణ సాధ్యమయ్యేది. వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో మొదటినుండే రెండు గంటలు పట్టేవి. ఒక సినిమాను మధ్యలో క్యాసెట్టు మార్చకుండా చూడాలనుకునే గృహస్థుకు చిత్రస్పష్టతలోని స్వల్పభేదం కంటె ఈ గంట వ్యవధే ముఖ్యమైనది.

అంతేగాక జె.వి.సి. తన పద్ధతిని అనేక సంస్థలకు అనుమతి పత్రాలతో ఇచ్చింది. తయారీదారులు పెరిగారు, పోటీవల్ల ధరలు తగ్గాయి, ఆ యంత్రాలు ఎక్కువ ఇళ్ళకు చేరాయి. క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణదారులు తమ చుట్టుపక్కల ఇళ్ళలో ఏ యంత్రం ఎక్కువగా ఉంటే ఆ క్యాసెట్లనే తెచ్చి ఉంచారు. అవి ఎక్కువగా దొరుకుతున్నాయి కాబట్టి కొత్తవారు ఆ యంత్రాన్నే కొన్నారు. ఈ విధంగా ఒకటి మరొకదానిని పెంచే చక్రం ఏర్పడింది. 1988లో సోనీ సంస్థ సైతం వి.హెచ్.ఎస్. యంత్రాలను తయారుచేయడం ప్రారంభించింది.

ఆ విజయం ప్రభావం తెలుగునాట కూడా కనిపించింది. 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలు ప్రారంభమైన తరువాత వి.సి.ఆర్.లు మెల్లమెల్లగా మధ్యతరగతి ఇళ్ళకు చేరాయి. గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు తెచ్చిన యంత్రాలు, వీధి చివర వెలసిన క్యాసెట్ల దుకాణాలు, పెళ్ళి వేడుకల వీడియో చిత్రీకరణ ఇవన్నీ వి.హెచ్.ఎస్. క్యాసెట్టు చుట్టూనే పెరిగాయి. ఎక్కడో జపాన్‌లో, అమెరికాలో నిర్ణయమైన గెలుపు తెనాలిలోనో, కరీంనగర్‌లోనో అద్దె దుకాణంలోని క్యాసెట్టు రూపాన్ని నిర్ణయించింది. ప్రమాణాల పోటీలో పాల్గొననివారు కూడా ఆ పోటీ ఫలితాన్ని అనుభవిస్తారని దీనివల్ల స్పష్టమవుతున్నది.

వెలుగుతో చదివే డిస్కు

క్యాసెట్టులోని టేపు యంత్రభాగాలను తాకుతూ తిరుగుతుంది కాబట్టి వాడేకొద్దీ అరుగుతుంది. ఈ లోపాన్ని నివారించడానికి కాంతితో చదివే డిస్కులు రూపొందాయి. 1978లో అమెరికాలో వెలువడిన లేజర్ డిస్కు ఈ తరహాలో మొదటిది. దాని వ్యాసం సుమారు 30 సెంటీమీటర్లు. చిత్రం బాగున్నా దానిమీద ఇంటిలో ముద్రించుకొనే వీలు లేకపోవడంవల్ల, ధర ఎక్కువ కావడంవల్ల అది కొద్దిమందికే పరిమితమైంది. 1981లో అమెరికాకు చెందిన ఆర్.సి.ఎ. సంస్థ సూదితో చదివే మరొక వీడియో డిస్కును విడుదల చేసి, భారీ నష్టాలతో 1984లోనే ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది.

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించి 1982లో విడుదల చేసిన కాంపాక్ట్ డిస్కు సంగీత ప్రపంచాన్ని మార్చివేసింది. 12 సెంటీమీటర్ల వ్యాసం గల ఆ డిస్కు మీద వరుసలుగా ఉండే అతిసూక్ష్మమైన గుంటలే సమాచారం. లేజర్ కిరణం ఆ గుంటల మీద, వాటి నడుమనున్న చదునైన భాగం మీద పడి భిన్నంగా పరావర్తనం చెందుతుంది. ఆ భేదాన్ని యంత్రం గ్రహించి శబ్దంగాను, చిత్రంగాను మారుస్తుంది. 1993లో అదే డిస్కు మీద సినిమాను ముద్రించే వి.సి.డి. పద్ధతి వచ్చింది. ఒక్కొక్క డిస్కులో సుమారు 74 నిమిషాల నిడివి మాత్రమే పట్టేది. రెండున్నర, మూడు గంటల తెలుగు సినిమాకు రెండు లేక మూడు డిస్కులు అవసరమయ్యేవి. స్పష్టత తక్కువైనా డిస్కు చవక కావడంవల్ల ఆసియా దేశాలలో వి.సి.డి. విస్తృతంగా ప్రచారం పొందింది.

పోరు తప్పిన డి.వి.డి.

1990వ దశకంలో మరింత నాణ్యమైన డిస్కు కోసం రెండు వర్గాలు వేరువేరుగా కృషిచేశాయి. ఒకవైపు ఫిలిప్స్, సోనీ సంస్థలు. మరొకవైపు తోషిబా, టైమ్ వార్నర్, మత్సుషిత మొదలైన సంస్థలు. వి.హెచ్.ఎస్., బీటామాక్స్ పోటీ పునరావృతం కాక తప్పదని అందరూ భావించారు. అయితే ఈసారి ఒక కొత్త శక్తి ఆ వివాదంలో ప్రవేశించింది. అది కంప్యూటర్ పరిశ్రమ. రెండు రకాల డిస్కులకు రెండు రకాల డ్రైవులను తమ యంత్రాలలో అమర్చడం సాధ్యం కాదని ఐ.బి.ఎం., ఆపిల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు స్పష్టం చేశాయి. ఐ.బి.ఎం. అధిపతి లూ గెర్స్‌నర్ మధ్యవర్తిత్వంతో 1995లో ఇరువర్గాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. 0.6 మిల్లీమీటర్ల మందం గల రెండు పొరలను అతికించే పద్ధతి ఒక వర్గానిది. సమాచారాన్ని సంకేతాలుగా మార్చే పద్ధతి మరొక వర్గానిది. ఈ విధంగా రూపొందినదే డి.వి.డి.

డి.వి.డి. ప్లేయర్లు 1996 నవంబరులో జపాన్‌లోను, 1997 మార్చిలో అమెరికాలోను విడుదలయ్యాయి. ఒక పొరలో 4.7 గిగాబైట్లు, రెండు పొరలలో 8.5 గిగాబైట్ల సమాచారం పట్టే ఈ డిస్కులో పూర్తి నిడివి సినిమా ఇమిడింది. పోటీ ఫార్మాటు లేనందువల్ల కొనుగోలుదారుల సంశయం తొలగింది. మార్గమధ్యంలో 1998లో అమెరికాలోని ఒక వాణిజ్య సంస్థ డివెక్స్ అనే డిస్కును ప్రవేశపెట్టింది. ఆ డిస్కును మొదటిసారి చూడడం ప్రారంభించిన తరువాత 48 గంటలు మాత్రమే చూడవచ్చు. ఆపైన చూడాలంటే టెలిఫోను తీగ ద్వారా మళ్ళీ రుసుము చెల్లించాలి. సొంత ఇంటిలో ఉన్న వస్తువు మీద తమకు అధికారం లేకపోవడాన్ని ప్రజలు అంగీకరించలేదు. 1999 జూన్‌లోనే అది మూతపడింది.

భారతదేశంలో డి.వి.డి. ధర చాలాకాలం సామాన్యునికి అందుబాటులో లేదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు విక్రయించడం ప్రారంభించిన తరువాత ఆ పరిస్థితి మారింది. నకిలీ డిస్కుల ధరకు సమీపంగా అసలు డిస్కు దొరకడం ఆనాటి సినీప్రియులకు కొత్త అనుభవం.

నీలికాంతి – రెండు దారులు

టెలివిజన్ తెరలు పెద్దవైనకొద్దీ డి.వి.డి. చిత్రంలోని పరిమితులు బయటపడ్డాయి. భారతదేశంలో వాడే పద్ధతిలో డి.వి.డి. చిత్రం 720 నిలువు వరుసలు, 576 అడ్డువరుసల బిందువులతో, అంటే 4,14,720 బిందువులతో ఏర్పడుతుంది. హై డెఫినిషన్ చిత్రంలో 1,920 నిలువు వరుసలు, 1,080 అడ్డువరుసలు ఉంటాయి. మొత్తం బిందువులు 20,73,600. ఇది డి.వి.డి.కి సరిగ్గా అయిదు రెట్లు. ఇంత సమాచారాన్ని అదే 12 సెంటీమీటర్ల డిస్కు మీద ఇమడ్చాలంటే గుంటలను ఇంకా చిన్నవిగా, వరుసలను ఇంకా దగ్గరగా చేయాలి. వాటిని చదవడానికి కాంతిబిందువు కూడా చిన్నది కావాలి. కాంతి తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ కటకం దానిని అంత చిన్న బిందువుగా కేంద్రీకరించగలదు. సి.డి. లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డి.వి.డి.ది 650 నానోమీటర్లు. ఈ రెండూ వర్ణపటంలో ఎరుపు అంచున ఉన్నవే. కొత్త డిస్కులకు 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్ అవసరమైంది. జపాన్ శాస్త్రవేత్త షుజి నకమురా 1990వ దశకంలో నీలికాంతి డయోడ్ల మీద చేసిన కృషి ఇందుకు మార్గం సుగమం చేసింది. నీలికాంతి డయోడ్ ఆవిష్కరణకుగాను ఆయనకు, ఇసాము అకసాకి, హిరోషి అమానోలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది.

లేజర్ ఒకటే అయినా దారులు రెండయ్యాయి. 2002 ఫిబ్రవరిలో సోనీ, మత్సుషిత, ఫిలిప్స్, హిటాచీ, పయొనీర్, శామ్‌సంగ్, ఎల్.జి., షార్ప్, థామ్సన్ అనే తొమ్మిది సంస్థలు బ్లూ-రే డిస్కును ప్రకటించాయి. తోషిబా, ఎన్.ఇ.సి. సంస్థలు మరొక పద్ధతిని ప్రతిపాదించగా డి.వి.డి. ఫోరం దానిని అంగీకరించి హెచ్.డి. డి.వి.డి. అని నామకరణం చేసింది.

ఈ రెంటికీ ప్రధానమైన భేదం సమాచారపు పొర ఉండే లోతులో ఉంది. హెచ్.డి. డి.వి.డి.లో ఆ పొర డి.వి.డి.లో వలెనే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూ-రేలో పైభాగానికి అతి సమీపంగా, 0.1 మిల్లీమీటరు లోతున ఉంటుంది. పొర దగ్గరగా ఉండడంవల్ల శక్తిమంతమైన కటకాన్ని ఉపయోగించి కాంతిబిందువును ఇంకా చిన్నదిగా చేయవచ్చు. 80 మైక్రాన్ల మందం గల తల వెంట్రుకను ప్రమాణంగా తీసుకుంటే, దాని వెడల్పులో సి.డి. వరుసలు 50 పడతాయి, డి.వి.డి. వరుసలు సుమారు 108, హెచ్.డి. డి.వి.డి. వరుసలు 200; బ్లూ-రే వరుసలు 250. ఫలితంగా హెచ్.డి. డి.వి.డి. ఒక పొరలో 15 గిగాబైట్లు, రెండు పొరలలో 30 గిగాబైట్లు పట్టగా, బ్లూ-రేలో వరుసగా 25, 50 గిగాబైట్లు పట్టాయి.

బలాబలాలు

సామర్థ్యంలో బ్లూ-రే మిన్న అన్నది నిర్వివాదం. అయితే తక్కిన విషయాలలో పరిస్థితి అంత సులువుగా తేలేది కాదు. హెచ్.డి. డి.వి.డి. నిర్మాణం డి.వి.డి.ని పోలి ఉండడంవల్ల పాత కర్మాగారాలలోని యంత్రాలనే కొద్ది మార్పులతో ఉపయోగించవచ్చు. బ్లూ-రేకు కొత్త యంత్రాలు కావాలి. పొర పైకి దగ్గరగా ఉండడంవల్ల దుమ్ముకు, గీతలకు బ్లూ-రే సులభంగా లోనయ్యేది. అందువల్లనే 2003లో జపాన్‌లో వచ్చిన తొలి బ్లూ-రే డిస్కులను ప్లాస్టిక్ పెట్టెలో అమర్చవలసి వచ్చింది. టి.డి.కె. సంస్థ గట్టి పైపూతను కనుగొన్న తరువాత ఆ పెట్టె అవసరం తీరింది.

ప్లేయర్ల విషయంలో కూడా హెచ్.డి. డి.వి.డి. ముందుగానే సిద్ధమైంది. ప్రతి ప్లేయరులోను అంతర్జాలానికి అనుసంధానించే సౌకర్యం తప్పనిసరి. బ్లూ-రే నిబంధనలు మాత్రం దశలవారీగా వెలువడ్డాయి. మొదట కొన్న బ్లూ-రే ప్లేయర్లలో చాలావాటికి తరువాతి డిస్కులలోని కొన్ని సౌకర్యాలు అందలేదు. పైగా బ్లూ-రేలో ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విభజించి, ఒక ప్రాంతపు డిస్కు మరొక ప్రాంతపు ప్లేయరులో పనిచేయకుండా నిరోధించే ఏర్పాటు ఉంది. అమెరికా 'ఎ' ప్రాంతంలోను, భారతదేశం 'సి' ప్రాంతంలోను చేరాయి. హెచ్.డి. డి.వి.డి.లో ఈ నిర్బంధం లేదు. అమెరికాలో స్థిరపడి, సెలవులకు స్వదేశం వచ్చివెళ్ళే కుటుంబాలకు ఇటువంటి నిర్బంధం ఎంత ఇబ్బందికరమో ఊహించవచ్చు. కాని చలనచిత్ర నిర్మాణ సంస్థలకు ఈ రక్షణలే ఆకర్షణ అయ్యాయి. కొనేవారికి లోపమనిపించినది అమ్మేవారికి గుణంగా తోచింది.

విఫలమైన సంధి

2005లో సోనీ, తోషిబా సంస్థల మధ్య ఏకీకరణ చర్చలు జరిగాయి. కాని పొర లోతు 0.1 మిల్లీమీటరా, 0.6 మిల్లీమీటర్లా అన్న ప్రశ్నకు మధ్యేమార్గం లేకపోయింది. దేనిని అంగీకరించినా రెండవ పక్షంవారు తమ పరిశోధనను, తమ పేటెంట్ల నుండి రాగల ఆదాయాన్ని వదులుకోవాలి. చర్చలు భగ్నమయ్యాయి. ఈసారి కంప్యూటర్ పరిశ్రమ కూడా ఏకతాటి మీద లేదు. మైక్రోసాఫ్ట్, ఇంటెల్ సంస్థలు హెచ్.డి. డి.వి.డి.ని సమర్థించగా, ఆపిల్, డెల్ సంస్థలు బ్లూ-రే పక్షాన నిలిచాయి. పదేళ్ళ క్రితం సంధి కుదిర్చిన మధ్యవర్తులే ఇరుపక్షాలుగా చీలినందువల్ల పోరు అనివార్యమైంది.

రంగంలో రెండు పక్షాలు

అమెరికాలో తోషిబా తన తొలి హెచ్.డి. డి.వి.డి. ప్లేయరును 2006 ఏప్రిల్‌లో 499 డాలర్లకు విడుదల చేసింది. రెండు నెలల తరువాత వచ్చిన శామ్‌సంగ్ బ్లూ-రే ప్లేయరు ధర దాదాపు 1,000 డాలర్లు. ధర మాత్రమే ఫలితాన్ని నిర్ణయించేదైతే ఆనాడే తీర్పు వెలువడి ఉండేది. కాని ఇల్లు అలకగానే పండుగ కాదు. అదే సంవత్సరం నవంబరులో సోనీ సంస్థ ప్లేస్టేషన్ 3 అనే ఆట యంత్రాన్ని 499, 599 డాలర్ల ధరలతో విడుదల చేసింది. ప్రతి ప్లేస్టేషన్ 3లోను బ్లూ-రే డ్రైవు ఉంది. ఆటల కోసం కొన్న కుటుంబానికి అడగకుండానే బ్లూ-రే ప్లేయరు లభించింది. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360తో కలిపి వాడడానికి హెచ్.డి. డి.వి.డి. డ్రైవును 199 డాలర్లకు విడిగా విక్రయించింది. విడిగా కొనవలసిన దానికి, యంత్రంతోపాటే వచ్చిన దానికి గల భేదం త్వరలోనే బయటపడింది.

ప్లేయరు ఎంత మంచిదైనా చూడడానికి సినిమాలు ఉండాలి. బీటామాక్స్ ఓటమి నుండి సోనీ నేర్చుకున్న పాఠం ఇదే. 1989లో అది కొలంబియా పిక్చర్స్ సంస్థను కొనుగోలు చేసింది. అందువల్ల కొలంబియా సినిమాలు సహజంగానే బ్లూ-రేలో వచ్చాయి. డిస్నీ, ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ సంస్థలు కూడా బ్లూ-రేనే సమర్థించాయి. యూనివర్సల్ సంస్థ హెచ్.డి. డి.వి.డి.కి కట్టుబడింది. పారమౌంట్, వార్నర్ సంస్థలు రెండు ఫార్మాట్లలోను విడుదల చేశాయి. ఒక కుటుంబం అన్ని సంస్థల చిత్రాలనూ చూడాలంటే రెండు ప్లేయర్లు కొనక తప్పని స్థితి ఏర్పడింది. 2007లో ఎల్.జి. సంస్థ రెంటినీ నడిపే ప్లేయరును 1,199 డాలర్లకు విడుదల చేసింది. ఆ ధరకు రెండు ఫార్మాట్ల ప్లేయర్లను విడివిడిగా కొనగలిగినప్పుడు దానివల్ల సమస్య తీరలేదు.

అత్యధికులు అవలంబించిన మార్గం వేరు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నట్లుగా వారు ఏ ఫార్మాటునూ కొనకుండా పాత డి.వి.డి.తోనే సరిపెట్టుకున్నారు. రెండు పక్షాలకూ అసలు ప్రతికూలత ఈ నిరీక్షణే.

తీర్పు

2007లో పోరు తీవ్రమైంది. ఆ సంవత్సరం జూన్‌లో అమెరికాలోని పెద్ద అద్దె దుకాణాల సంస్థ బ్లాక్‌బస్టర్ తన అనేక దుకాణాలలో బ్లూ-రే డిస్కులను మాత్రమే ఉంచాలని నిర్ణయించింది. ఆగస్టులో పారమౌంట్ సంస్థ బ్లూ-రేను విడిచి హెచ్.డి. డి.వి.డి.కి మాత్రమే మద్దతు ప్రకటించింది. ఇందుకు ప్రతిఫలంగా ఆ పక్షం నుండి 15 కోట్ల డాలర్ల విలువైన ప్రోత్సాహకాలు లభించాయని పత్రికలు వ్రాశాయి. నవంబరులో వాల్‌మార్ట్ దుకాణాలలో తోషిబా ప్లేయరును 100 డాలర్ల లోపు ధరకే విక్రయించారు. ఇంత చవకగా ఇచ్చినా ఆ సంవత్సరమంతా డిస్కుల అమ్మకాలలో బ్లూ-రేదే పైచేయి. అమ్ముడైన ప్లేస్టేషన్ 3 యంత్రాల సంఖ్య అందుకు ముఖ్యకారణం.

ఇక మిగిలినది వార్నర్ సంస్థ నిర్ణయం. అపారమైన చిత్రసంపద గల ఆ సంస్థ ఏ పక్షాన చేరితే తూకం అటు మొగ్గుతుంది. 2008 జనవరి 4న, ఆ ఏడాది మే నెల తరువాత బ్లూ-రేలో మాత్రమే చిత్రాలను విడుదల చేస్తామని వార్నర్ ప్రకటించింది. ఆ మరుసటి వారంలో లాస్ వెగాస్ నగరంలో జరగనున్న ఎలక్ట్రానిక్ వస్తు ప్రదర్శనలో ఏర్పాటు చేసిన విలేకరుల సమావేశాన్ని హెచ్.డి. డి.వి.డి. పక్షం రద్దు చేసుకుంది. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ సంస్థలు వరుసగా బ్లూ-రే వైపు మొగ్గాయి. 2008 ఫిబ్రవరి 19న తోషిబా అధ్యక్షుడు అత్సుతోషి నిషిదా హెచ్.డి. డి.వి.డి. వ్యాపారాన్ని విరమిస్తున్నట్లు టోక్యోలో ప్రకటించాడు. 2009లో తోషిబా సంస్థ స్వయంగా బ్లూ-రే సంఘంలో చేరి ఆ ప్లేయర్లనే తయారుచేయసాగింది. రెండు దశాబ్దాల క్రితం సోనీ చేసిన పనినే ఇప్పుడు తోషిబా చేయవలసి వచ్చింది.

ఈ తీర్పు వెనుకనున్న కారణాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చవకదనం హెచ్.డి. డి.వి.డి. పక్షాన ఉంది; సామర్థ్యం బ్లూ-రే పక్షాన ఉంది. అయితే ఈ రెంటిలో ఏదీ ఒంటరిగా ఫలితాన్ని నిర్ణయించలేదు. ఎక్కువ తయారీదారుల సహకారం, ఎక్కువ నిర్మాణ సంస్థల చిత్రాలు, ఎక్కువ ఇళ్ళలో ముందుగానే చేరిన యంత్రం ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు గెలుపు లభించింది. వి.హెచ్.ఎస్. గెలిచిన కారణం కూడా ఇటువంటిదే.

గెలుపు తరువాత

తాడిని తన్నేవాడుంటే వాని తలదన్నేవాడు మరొకడుంటాడు. రెండు డిస్కులు ఒకదానితో ఒకటి తలపడుతున్న కాలంలోనే డిస్కు అవసరం లేని పద్ధతి మొలకెత్తింది. డిస్కులను తపాలా ద్వారా అద్దెకు పంపే నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2007 జనవరిలో అంతర్జాలం ద్వారా సినిమాలను ప్రసారం చేయడం ప్రారంభించింది. బ్లూ-రే పక్షాన నిలిచిన బ్లాక్‌బస్టర్ 2010లో దివాలా తీసింది. నెట్‌ఫ్లిక్స్ తన తపాలా డిస్కుల సేవను 2023 సెప్టెంబరులో ముగించింది. భారతదేశంలో చవక డిస్కులకు పేరుపొందిన మోజర్ బేర్ సంస్థ ఆస్తుల విక్రయానికి 2018లో ఉత్తర్వులు వెలువడ్డాయి.

బ్లూ-రే పూర్తిగా అంతరించలేదు. 2016లో హై డెఫినిషన్‌కు నాలుగు రెట్లు బిందువులు గల అల్ట్రా హెచ్.డి. బ్లూ-రే వచ్చింది. కాని డి.వి.డి. వలె అది ఇంటింటి వస్తువు కాలేకపోయింది. శామ్‌సంగ్ సంస్థ అమెరికాలో కొత్త బ్లూ-రే ప్లేయర్లను తేవడం 2019లో నిలిపివేసింది. ఇంటిలో ముద్రించుకొనే బ్లూ-రే డిస్కుల ఉత్పత్తిని సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో ముగించింది. 1970వ దశకం నుండి నడచిన క్యాసెట్టు, డిస్కుల పోరులో చివరి విజేత ఏలిన రాజ్యం చిన్నదైపోయింది.

అంతమాత్రాన డిస్కు విలువ తీరిపోయిందని భావించడం సరికాదు. అంతర్జాల ప్రసారంలో చూసే చిత్రం చూపరి సొత్తు కాదు. ఆ సంస్థకు, చిత్ర హక్కుదారుకు మధ్య ఒప్పందం ముగిస్తే ఆ చిత్రం ఒక రాత్రిలో కనుమరుగు కావచ్చు. డిస్కు మాత్రం కొన్నవాని అలమారలో ఉంటుంది. తొలినాటి తెలుగు చిత్రాలలో పలు చిత్రాల ప్రతులు నేడు లభించడం లేదు. అవి వెలువడిన కాలంలో ప్రతులను పదిలపరచాలన్న ఆలోచన బలంగా లేకపోవడం ఇందుకు ఒక కారణం. ఒక చిత్రం ఎక్కువ చోట్ల, ఎక్కువ ప్రతులుగా, ఎక్కువ మంది చేతులలో ఉన్నప్పుడే అది భావితరాలకు దక్కే అవకాశం హెచ్చుతుంది. అయితే ఇందులో మరొక చిక్కు ఉంది. చదివే యంత్రం లేనప్పుడు డిస్కు ఉన్నా ప్రయోజనం లేదు. హెచ్.డి. డి.వి.డి. డిస్కులను దాచుకున్నవారు ఈనాడు ఆ ప్లేయరు పాడైతే కొత్తది కొనలేరు. వి.సి.ఆర్. లేని ఇంటిలో పెళ్ళినాటి క్యాసెట్టు పరిస్థితి కూడా అదే. కాబట్టి విలువైన దృశ్యాలను కాలానుగుణంగా పాత ప్రమాణం నుండి కొత్త ప్రమాణంలోకి మార్చి భద్రపరచుకోవడం అవసరం.

ముగింపు

సాంకేతిక ప్రమాణాల పోటీలో మంచి వస్తువు తప్పక గెలుస్తుందన్న నియమం లేదు. చవక వస్తువు తప్పక గెలుస్తుందన్న నియమమూ లేదు. ఎక్కువమంది కలిసి నడిచే దారి నిలుస్తుంది. 1995లో పోటీదారులు చేతులు కలిపి డి.వి.డి.ని రూపొందించినప్పుడు ఉత్పత్తిదారుడు, కొనుగోలుదారుడు ఇరువురూ లాభపడ్డారు. 2005లో సంధి విఫలమైనప్పుడు ఓడినవారు సొమ్ము నష్టపోయారు. గెలిచినవారు కాలం నష్టపోయారు. మధ్యనున్న కొనుగోలుదారుడు రెండూ నష్టపోయాడు. కొత్త పరికరాన్ని కొనేముందు దాని గుణగణాలతోపాటు అది ఎవరెవరి సమ్మతితో నడుస్తున్నదో, ఎంతకాలం నిలిచే అవకాశం ఉన్నదో విచారించడం వివేకవంతుని లక్షణం.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు వ్రాయండి.

1. వి.హెచ్.ఎస్., బీటామాక్స్ పద్ధతుల మధ్య పోటీని వివరించి, వి.హెచ్.ఎస్. విజయానికి కారణాలను తెలపండి.
2. బ్లూ-రే, హెచ్.డి. డి.వి.డి.ల నిర్మాణ భేదాలను, వాటి బలాబలాలను వివరించండి.
3. "ఎక్కువమంది కలిసి నడిచే దారి నిలుస్తుంది." పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.

1. ప్రమాణం అంటే ఏమిటి? పాఠంలోని రైలు గేజి ఉదాహరణతో తెలపండి.
2. డి.వి.డి. విషయంలో సంధి ఎలా కుదిరింది?
3. డివెక్స్ డిస్కును ప్రజలు ఎందుకు తిరస్కరించారు?
4. వార్నర్ సంస్థ నిర్ణయం పోటీ ఫలితాన్ని ఎలా ప్రభావితం చేసింది?
5. పాత దృశ్యాలను కొత్త ప్రమాణంలోకి మార్చి భద్రపరచవలసిన అవసరం ఏమిటి?